పసుపు గీత లోపలి కుర్చీ

ఆవిడ నాతో అన్న చివరి మాట "ముట్టుకోకు".

మనిషి పోయాక చివరి మాటల గురించి అందరూ చెప్పుకుంటారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమన్నారనీ, దేవుణ్ణి తలుచుకున్నారనీ. నాకు మాత్రం దక్కింది ఇది. ఒక గురువారం సాయంత్రం ల్యాబులో లైట్లు ఆర్పుతూ, నూనె పోసిన గాజు గిన్నె వైపు వేలు చూపించి, "అదింకా చల్లారలేదు. రేపు పొద్దున్న నేనొచ్చేదాకా ముట్టుకోకు," అంది.

"నేనెందుకు ముట్టుకుంట అక్కా, నాకేం పని," అన్నాను.

తర్వాత నా కారెక్కాం. కొండ దాటి శాన్ రామన్ వచ్చేదాకా ఆవిడ కళ్ళు మూసుకునే కూర్చుంది. ఇంటి ముందు దిగి, మాట లేకుండా చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది. అలసిపోయిందేమో అనుకున్నాను. అంతకుమించి ఒక్క ముక్క కూడా అనుకోలేదు.

మర్నాడు ఎప్పటిలాగే వాళ్ళ వీధి మలుపు తిరిగాను. నేను వచ్చేసరికే ఆవిడ గరాజ్ ముందు నిలబడి ఉండటం అలవాటు. భుజాన సంచి, చేతి మీద స్వెటర్. నేను ఆలస్యమైతే గడియారం చూసేది కాదు, నా మొహం చూసేది. అంతకంటే గడియారం చూసినా బాగుండేది. ఆ రోజు గరాజ్ ముందు ఫైరింజను, దాని వెనక అంబులెన్సు. పక్కింట్లో ఒక ముసలాయన ఉంటాడు, పాపం ఆయనకేదో అయ్యుంటుందనుకుని కారు కాస్త దూరంగా ఆపి, ఈవిడ ఎటువైపు నిలబడిందా అని వెతుకుతున్నాను. ఆ ముసలాయనే ఇంట్లో వేసుకునే గౌనుతో నా దగ్గరకొచ్చి, అద్దం దించమని సైగ చేశాడు. "యువర్ ఫ్రెండ్..." అని ఆగిపోయాడు.

నాకప్పటికీ అర్థం కాలేదు. నిజం చెప్తున్నాను. "ఎస్, ఐ యామ్ వెయిటింగ్ ఫర్ హర్," అన్నాను.

గరాజ్‌లో, సంచి భుజానికి తగిలించుకుని, తలుపు మీట నొక్కి, తలుపు సగం లేచేలోపు గుండె ఆగిపోయిందట. తలుపు మాత్రం పూర్తిగా లేచింది. ఎదురింటివాళ్ళు చూశారు. నేను ఇంజన్ ఆపడం కూడా మర్చిపోయి ఆ వీధిలో నిలబడిపోయాను. ఆవిడకు కారు ఊరికే ఆన్‌లో ఉంచితే నచ్చదు. ఎవరైనా "ఆపవే" అంటారేమోనని చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఆవిడ చేసే పనేమిటో చెప్పాలి. అది చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టే కాదు.

నీళ్ళ గ్లాసులో చెంచా వేస్తే విరిగినట్టు కనిపిస్తుంది కదా. వెలుగు గాలిలోంచి నీళ్ళలోకి దిగేటప్పుడు వంగడం వల్ల అలా కనిపిస్తుంది. ఏ పదార్థం వెలుగును ఎంత వంచుతుందో కొలవచ్చు, ఒక్కోదానికి ఒక్కో అంకె ఉంటుంది. ఆ పదార్థాన్ని వేడి చేస్తే ఆ అంకె రవ్వంత తగ్గుతుంది, చల్లబరిస్తే రవ్వంత పెరుగుతుంది. కెమెరా లెన్సుల మధ్య పోసే నూనెలు, జిగురులు ఏ వేడికి ఎంత మారతాయో కొలిచి కంపెనీలకు రిపోర్టులివ్వడం మా ల్యాబు పని. మంచులో తిరిగే కారుకీ ఎడారిలో తిరిగే కారుకీ ఒకే కెమెరా బిగిస్తారు, కాబట్టి వాళ్ళకి ఈ లెక్క కావాలి. నేను ఆ లెక్కల్ని గ్రాఫులుగా గీసే సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. కొలిచేది ఆవిడ. నరసాపురం నుంచి విశాఖ వెళ్ళి ఫిజిక్స్ చదివి, ఈ దేశం వచ్చి, నేను వరంగల్లులో స్కూలు యూనిఫాం వేసుకుని తిరిగేనాటినుంచీ అదే గదిలో అదే మెషీన్ ముందు కూర్చున్న మనిషి.

ఆ మెషీన్ కూడా ఆవిడంతటిదే. మధ్యలో పలకల గాజు గిన్నె, దాని చుట్టూ నీళ్ళు తిరిగే ఇత్తడి తొడుగు, అవతల పక్క పసుపురంగు దీపం, వేడి కొలిచే ముల్లు, ఇవతల పక్క చిన్న దుర్బిణి. ఆవిడ రెండు అరచేతులూ ఆ ఇత్తడి అంచు మీద ఆనించి, ముందుకు వంగి, ఒక కన్ను మూసి చూసేది. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టేది. చూడటం అయ్యాక వదిలే ఆ నిట్టూర్పు పక్క గదిలో అద్దం ఇవతల కూర్చున్న నాకు కూడా వినిపించేది.

మెషీన్ చుట్టూ నేల మీద పసుపు టేపుతో గీత. దాని లోపలికి ఎవరూ రాకూడదు. వచ్చారా, ఎండబెట్టిన వడియాల మీదికొచ్చిన కోళ్ళను తోలినట్టు చెయ్యి విదిలించేది. "దూరం, దూరం!"

నేను చేరిన కొత్తలో తెలియక గీత దాటాను. ఆవిడ దుర్బిణిలోంచి కన్ను తియ్యకుండానే, "వెనక్కి జరుగవే అమ్మాయ్," అంది.

"నేనేం ముట్టుకోలేదక్కా."

"ముట్టుకోనక్కర్లేదే. నీ ఒంటి వేడి చాలు. మనిషంటే ఏమనుకున్నావు? నడిచే స్టవ్వు! నువ్వక్కడ నిలబడితే నూనె వెచ్చబడుతుంది, అంకె మారుతుంది."

"గంత వేడి నా ఒంట్ల యాడుంది అక్కా? నా చేతులు ఐసు ముక్కలు."

"ఐసు ముక్కయినా సరే, గీత బయటే ఉండు."

మా మేనేజర్ ఆరడుగుల భారీ మనిషి. ఆయన్నీ వదల్లేదు. "ప్లీజ్, గో బ్యాక్, యు ఆర్ హీటింగ్ మై శాంపుల్," అనేది. ఆయన చేతులెత్తి, వెనక్కి అడుగులేసుకుంటూ తలుపు దాకా వెళ్ళేవాడు. ఆయన జీతం ఇచ్చేవాడనీ ఈవిడ పుచ్చుకునేదనీ ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంకో మాట ఉండేది ఆవిడకి. "కుదురుకోనీ." వేడి ఒక మెట్టు పెంచాక నూనె అంతటా ఒకే వేడి రావాలంటే ఆగాలి. మామూలుగా అయితే కాసేపు ఆగి కొలిచేస్తారు. ఈవిడ ఆ కాసేపటి మీద ఇంకో కాసేపు ఆగేది. ఏమీ చెయ్యకుండా, ఫోన్ కూడా చూడకుండా, దాని ముందే కూర్చుని ఆగేది. ఈ జబ్బు ల్యాబుతో ఆగలేదు. టీ పోస్తే "కుదురుకోనీ". ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని నడిపే వాళ్ళ తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాలుంటాయి. బిర్యానీ ట్రే మూత తియ్యబోయిన ప్రతివాడికీ "కుదురుకోనీ". నేను ఆఫీసు రాజకీయాల మీద కస్సుమంటే "ఉండు, కుదురుకోనీ, తర్వాత తిడుదువుగాని". అప్పటికి నా కోపం చల్లారిపోయేది, తిట్టు కూడా గుర్తొచ్చేది కాదు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఆవిడ రోజు మొదలయ్యేది ఒకే ఒక్క పనితో. ఒక చిన్న సీసాలో ఎప్పుడూ మారని నూనె ఒకటుంటుంది. పొద్దున్నే దాన్ని పోసి, ఒకే వేడి దగ్గర పెట్టి, కుదురుకోనిచ్చి, కొలిచేది. మెషీన్ ఆరోగ్యం బాగుందో లేదో చూసుకోవడం అన్నమాట. అంకెల వరుసలో చివరిది ఎప్పుడూ ఆరు. సీసా మీద చీటీలో అంత లోతుకి అంకె ఉండదు, ఆ చివరి ఆరు మా ల్యాబు సొంతం. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఆరే. నేను రాకముందు పాత ఫైళ్ళలోనూ ఆరే. "ఆరొచ్చిందా? వచ్చింది. ఇంక ఎవడొచ్చి అడిగినా భయం లేదు," అని కుర్చీలో వెనక్కి వాలేది. మేం దాన్ని "మేడమ్ గారి ఆరు" అని ఏడిపించేవాళ్ళం. ఏడిపించుకోండి అన్నట్టు చూసేది.

ఆ మధ్య మేనేజర్ దుర్బిణికి కెమెరా బిగించాడు. ఇక అక్కడ కూర్చోనక్కర్లేదు, పక్క గదిలో నా తెర మీద అన్నీ కనిపిస్తాయి. ఆవిడ ఒప్పుకుంది, కానీ కుర్చీ దిగలేదు.

"కెమెరా చూస్తుంది కదక్కా, నువ్వు ఇటు రారాదూ," అన్నాను.

"కెమెరా చూస్తుందిలే. కెమెరాని ఎవరు చూస్తారు?"

సెలవు మీద వెళ్ళినా మెషీన్‌ని ఎవరికీ ఇచ్చేది కాదు. పాత కాటన్ చీర ముక్క దానిమీద కప్పి, "నేనొచ్చేదాకా నిద్రపోనివ్వండి దాన్ని," అని చెప్పి పోయేది. మేం కూడా నిద్రపోనిచ్చేవాళ్ళం. ఎవడికి కావాలి ఆ తిట్లు.

మనుషుల్ని కూడా ఆవిడ గీత బయటే ఉంచుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. కౌగిలింతలు లేవు, చెయ్యి కలపడం లేదు. నేనొకసారి భోజనాలకని వాళ్ళ చర్చికి వెళ్ళాను. అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేసే సమయానికి ఈవిడ మెల్లిగా వంటగదిలోకి జారుకుంది. ఎవరెదురైనా రెండు చేతులూ జోడించి దూరంనుంచే "వందనాలండీ". గర్వమేమో, పెద్ద చదువు చదివిందని కాబోలు అనుకున్నాను. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది, ఒక్కతే కూతురు షారోన్, శాన్ డియాగోలో చదువుకుంటోంది. కూతురొచ్చినా ఇంతేనా అని కూడా అనుకున్నాను.

అది ఎంత తప్పో నాకు తెలిసిన రోజు ఒకటుంది. నా వీసా ఎక్స్‌టెన్షన్ మీద ప్రశ్నలు వేస్తూ గవర్నమెంట్ నుంచి కాగితం వచ్చింది. లాయరు "లెట్ అస్ సీ" అన్నాడు. లాయర్లు అలా అన్నారంటే ఏమిటో ఈ దేశంలో ఉన్న మనవాళ్ళందరికీ తెలుసు. సాయంత్రం కారు స్టార్ట్ చెయ్యబోయి చెయ్యలేక, పార్కింగ్‌లోనే స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. "కుదురుకోనీ" అంటుందనుకున్నాను. అంటే ఆ రోజు నిజంగానే గయ్యిమని లేచేదాన్ని. అనలేదు. స్టీరింగ్ మీదున్న నా చేతి మీద ఆవిడ తన చెయ్యి వేసింది.

నేను ఉలిక్కిపడి ఏడుపు ఆపేశాను. ఆ చెయ్యి కాలిపోతోంది.

"అక్కా! నీకు జ్వరమొచ్చింది! పొద్దటినుంచి చెప్పవేంది?"

పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను వినలేదు అంతకుముందు. "జ్వరం లేదు, గిరం లేదు. నా చేతులెప్పుడూ ఇంతే. మా అమ్మవీ ఇంతే, మా షారోన్‌వీ ఇంతే. చర్చిలో ఎవరికైనా చెయ్యిచ్చానంటే చాలు, 'అయ్యో సిస్టర్‌కి ఒళ్ళు కాలిపోతోంది' అని నా చుట్టూ చేరి ప్రార్థన మొదలెడతారు. ఒకసారి నాకోసం చేసిన ప్రార్థన ముగిసేసరికి బిర్యానీ చల్లారిపోయింది. అప్పట్నుంచీ ఎవరికీ చెయ్యివ్వడం మానేశాను."

నేను ఏడుస్తూనే నవ్వాను. నవ్వు ఆగేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు. వీసా తర్వాత ఎలాగో వచ్చింది. నాకు గుర్తున్నది మాత్రం ఆ చెయ్యి.

అంత్యక్రియలకు ముందు చర్చిలో చివరిచూపు కోసం పెట్టె తెరిచి ఉంచారు. ఒక్కొక్కరూ వెళ్ళి నిలబడి వస్తున్నారు. నేను వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక, ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. వేసి, చప్పున తీసేశాను. పోయిన మనిషి చల్లగా ఉంటారని తెలియని వయసు కాదు నాది. అయినా నా చేతులకంటే ఆవిడవి చల్లగా ఉండటమేంది? ఇది ఈవిడ కాదని గట్టిగా అరవబోయాను. వెనకున్నవాళ్ళు నా భుజం పట్టుకుని పక్కకి తప్పించారు.

ల్యాబులో నూనె అలాగే ఉంది, ఆవిడ ముట్టుకోవద్దన్న నూనె. చల్లారి, పైన పలచగా దుమ్ము కూడా పట్టింది. ఎవరూ గీత దాటలేదు. చివరికి మేనేజరే ఊపిరి బిగపట్టి లోపలికి వెళ్ళి, గిన్నె కడిగి, ఆవిడ రోజూ పొద్దున్నే పోసే సీసాలోని నూనె పోశాడు. ఆపేసిన పని మొదలెట్టాలి కదా. అందరం పక్క గదిలోకి వచ్చేశాం. కెమెరా ఉంది కాబట్టి అక్కడెవరూ కూర్చోనక్కర్లేదు. చాలాసేపు ఆగాం. ఆవిడ ఎంతసేపు ఆగేదో అంతసేపూ ఆగాం.

తెర మీద చివరి అంకె తొమ్మిది.

మేనేజర్ నన్ను చూశాడు, నేను తెరను చూశాను. మళ్ళీ కొలిచాం, తొమ్మిది. మర్నాడు కొలిచాం, తొమ్మిది. మొదటి అనుమానం నా సాఫ్ట్‌వేర్ మీదికొచ్చింది, అది న్యాయమే. లైను లైనూ వెతికాను, తప్పు దొరకలేదు. మెషీన్ బాగుచేసేవాడు వచ్చి విప్పి చూసి, ఇలాంటి పాత మెషీన్ ఇంత బాగా ఉండటం ఎక్కడా చూడలేదని మెచ్చుకుని పోయాడు. కొత్త సీసా తెప్పించి చూశాం. అందులోనూ తొమ్మిదే.

ఇక మిగిలింది ఒకటే. మేనేజర్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి నాతో అన్నాడు. మెషీన్‌లో తప్పు లేదు, ప్రోగ్రామ్‌లో తప్పు లేదు, తొమ్మిది నిజమైతే ఆరు అబద్ధం, అంటే ఇన్నేళ్ళూ ఆవిడ తప్పు చదివింది. కస్టమర్లకు రాయాలి. పాత రిపోర్టులన్నీ వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు. కారణం అన్నచోట "ఆపరేటర్ ఎర్రర్" అని పెట్టాలి. ఆయనకి సంతోషమేమీ లేదు ఆ మాట అనడంలో. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ! ఊపిరి బిగపట్టి చదివే మనిషి! ఒళ్ళంతా కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆవిడ మీదే. ఇలా వదిలేసి పోతే నేనేం చెప్పాలి వీళ్ళకి? వచ్చి జవాబు చెప్పుకోవద్దా?

ఆ వారంలోనే షారోన్ వాళ్ళమ్మ సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. అదే ఎత్తు, అదే ఒడ్డు, నడకలో అదే కాస్త ముందుకు వంగడం. చూసి ఒక్క క్షణం ఆవిడే అనుకున్నాను. మేనేజర్ ఎదురెళ్ళి పరామర్శించాడు. మనసులో ఉన్నది దాచుకోలేని మనిషి, మీ అమ్మ పాత రిజల్ట్స్ కొన్ని మళ్ళీ చెక్ చేస్తున్నాం, నువ్వేం వర్రీ కావద్దని కూడా అనేశాడు. అనకపోయినా పోయేది. షారోన్ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, అమ్మ రాంగ్‌గా మెజర్ చేసిందా?"

"ఎవరన్నారు?"

"హీ సెడ్, రీచెక్ చేస్తున్నాం అని. దట్ మీన్స్ రాంగ్, కదా?" ఆ పిల్ల ల్యాబు చుట్టూ చూసింది. "అమ్మకి ఇది ఒక్కటే ఉంది ఆంటీ. చర్చ్, అండ్ దిస్. షి మిస్డ్ సో మెనీ ఆఫ్ మై థింగ్స్ ఫర్ దిస్. ఇప్పుడు ఇది రాంగ్ అంటే..."

నాకూ తెలియదని చెప్పే ధైర్యం లేక, "పద, నీకు అమ్మ కూర్చునే గది చూపిస్తా," అన్నాను.

గదిలో కుర్చీ వీపుకి, ఆ గురువారం మర్చిపోయిన ఆవిడ స్వెటర్ ఇంకా వేలాడుతోంది. షారోన్ దాన్ని చూడగానే గబగబా గీత దాటి లోపలికి నడిచింది. "దూరం!" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ గొంతుతోనే వచ్చింది. నేనే బెదిరిపోయాను. పిల్ల వినలేదు. స్వెటర్ తీసి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. గిన్నెలో పొద్దున పోసిన నూనె ఉంది. ఉంటే ఉండనీ, ఇప్పుడు లెమ్మని ఎలా అంటాను? తలుపు మెల్లగా దగ్గరికి లాగి నా గదిలోకి వచ్చేశాను.

అద్దంలోంచి కనిపిస్తోంది. స్వెటర్ తొడుక్కుంది. ముందుకు వంగింది. కాసేపటికి రెండు అరచేతులూ ఆ ఇత్తడి అంచు మీద పెట్టి, దుర్బిణికి బిగించిన కెమెరా మీద నుదురు ఆనించి, అలాగే ఉండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. చూడలేక తెర వైపు తిరిగాను.

చివరి అంకె ఎనిమిది.

పిల్ల ఆనుకుంటే కెమెరా జరిగిందేమో అనుకున్నాను. అది గట్టిగా బిగించిన కెమెరా, జరగదు. పిల్ల ఏడుపు నెమ్మదించింది, కదలకుండా కూర్చుంది. నేనూ కదల్లేదు. ఎంతసేపో తెలియదు. ఏడు అయ్యింది. ఏడు దగ్గర చాలాసేపు ఆగింది. ఏడుకీ ఆరుకీ మధ్య అటూ ఇటూ ఊగింది. తర్వాత ఆరు మీద ఆగింది. మళ్ళీ కదల్లేదు.

మేడమ్ గారి ఆరు.

అద్దంలోంచి మళ్ళీ చూశాను. నేల మీద పసుపు గీత, గీత బయట మేమందరం, గీత లోపల ఒక కుర్చీ. ఇన్నేళ్ళూ కళ్ళెదురుగా ఉంది. వేడి కొలిచే ముల్లు తొడుగుకి అవతలి పక్క ఉంటుంది. మనిషి కూర్చునేది ఇవతలి పక్క. ఇవతల నూనె రవ్వంత వెచ్చబడితే అవతల ముల్లుకి తెలియదు. వెచ్చబడితే అంకె తగ్గుతుంది, అది మొదటి రోజు నాకు ఆవిడే చెప్పింది. ఓ అక్కా, ప్రపంచంలో ఉన్నవాళ్ళందర్నీ కోళ్ళను తోలినట్టు తోలావు, నువ్వు కూడా ఒక మనిషివని నీకు తట్టలేదేంది!

పరిగెత్తి మేనేజర్‌ని పట్టుకొచ్చాను. ఆయన తెర చూశాడు, అద్దంలోంచి పిల్లను చూశాడు, నేల మీద గీతను చూశాడు. నేను ఒక్క ముక్క చెప్పనక్కర్లేకపోయింది. "ఓ మై గాడ్," అని నా కుర్చీలో కూర్చుండిపోయాడు. "ఆల్ దీజ్ ఇయర్స్. ఇట్ వజ్ హర్."

ఆయన తేరుకుని లెక్క చెప్పాడు. ఆవిడ రోజూ ఒకే చోట, ఒకేలా, అంతే సేపు కూర్చుంది. అంత ఓపిగ్గా కుదురుకోనిచ్చింది కాబట్టే ఆ తేడా ప్రతిసారీ ఒకేలా వచ్చింది. ఒకేలా వచ్చిన తేడాని తీసేయడం సులువు. రిపోర్టులు వెనక్కి తీసుకోనక్కర్లేదు, ఒక చిన్న సవరణ కలిపితే చాలు. ఆవిడ తప్పు చదవలేదు. అక్కడ ఉన్నదే చదివింది. కాకపోతే ఆ ఉన్నదాంట్లో ఆవిడ కూడా ఉంది.

"కానీ ఖాయంగా చెప్పాలంటే ఇంకొకటి చూడాలి," అన్నాడు ఇంగ్లీషులో, ఇబ్బందిగా. "ఆ అమ్మాయి లేచి బయటికి రావాలి. అప్పుడు అంకె తొమ్మిదికి తిరిగి వెళ్ళాలి. వెళ్తేనే నేను ఇది కస్టమర్లకు రాయగలను."

ఆ మాట చెప్పడానికి నేనే వెళ్ళాను. గీత దగ్గర ఆగాను. అలవాటు. షారోన్‌కి అంతా చెప్పాను, నాకు వచ్చినంత నెమ్మదిగా. నువ్వు కూర్చున్నాక అంకె మీ అమ్మ అంకె అయిందని చెప్పాను. ఆ పిల్ల ఏడుపు మరిచిపోయి, నోరు తెరిచి, తన అరచేతుల వంక చూసుకుంది.

"సో షి వాజ్‌న్ట్ రాంగ్."

"లేదు బిడ్డా. కానీ అది చూపించాలంటే నువ్వు ఇప్పుడు ఆ కుర్చీలకెళ్ళి లేవాలె."

వెంటనే లేవలేదు. స్వెటర్ చేతుల్ని వేళ్ళమీదికి లాక్కుంది. "నేను లేస్తే పోతుందా ఆంటీ? ద సిక్స్?"

"పోతది."

"మళ్ళీ రాదా?"

ఇకమీదట ఆ కుర్చీ గీత బయటికి తీసేస్తారు. ఎవరూ లేనప్పుడు వచ్చే అంకే అసలైన అంకె. అది సైన్సు, దాన్లో నేను చేసేదేమీ లేదు. తల అడ్డంగా ఊపాను.

షారోన్ ఇత్తడి అంచు మీదనుంచి ముందు ఒక చెయ్యి తీసింది, తర్వాత రెండోది. లేచింది. గీత దాటి వచ్చి నా పక్కన నిలబడింది. అద్దం అవతల మేనేజర్ మాకు కనిపించేలా తెరను ఇటు తిప్పాడు. ముగ్గురం నిలబడ్డాం. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఏడు. ఏడు దగ్గర మళ్ళీ చాలాసేపు. నేను మనసులో ఆగవే, ఆగవే అనుకుంటున్నాను, అది ఆగితే ఆవిడ పరువు పోతుందని తెలిసి కూడా. ఎనిమిది అయ్యింది.

తొమ్మిది.

మేనేజర్ అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించి, వెంటనే సిగ్గుపడి దించేసుకున్నాడు. ఆవిడ పేరు నిలబడింది. నాకు సంతోషం కలగాలి. గరాజ్ తలుపు లేచినరోజు కూడా తగలనంత దెబ్బ అప్పుడు తగిలింది నాకు. ఇక ఆవిడ లేదు. ఎంతసేపు కుదురుకోనిచ్చినా రాదు.

షారోన్ తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఉలిక్కిపడ్డాను. జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది.